తప్పు కంటే ముందే పుట్టే సాకు

కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్‌కు మొట్టమొదట నేర్పే నిబంధన ఒకటుంది. తీగ మీద చెయ్యి వేసే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ తీసుకోవాలి. అంటే ఫలానా ఫీడర్‌కు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు కరెంటు తెచ్చే లైనుకు, సరఫరా ఆపేశామని అక్కడి ఆపరేటర్ నమోదు చేసుకుని చెప్పాలి. పని ముగిసి, ఎల్సీ తిరిగి అప్పగించేదాకా ఎవరూ స్విచ్ వేయకూడదు. ఆ తర్వాత కూడా తీగలో కరెంటు లేదని పరీక్షించుకుని, తీగలోకి కరెంటు వచ్చినా భూమిలోకి పోయేలా ఎర్త్ రాడ్లు తగిలించి, చేతులకు రబ్బరు గ్లౌజులు తొడుక్కున్నాకే పని మొదలుపెట్టాలి. ఏదో ఒక ఇంట్లో జనరేటర్ కనెక్షన్ సరిగా లేకపోయినా కరెంటు వెనక్కి తిరిగి తీగలోకి వస్తుంది. ఈ సంగతి తెలియని లైన్‌మన్ ఉండడు. అయినా ఎల్సీ లేకుండా స్తంభం ఎక్కి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా పేజీల్లో కనిపిస్తూనే ఉంటాయి. చాలా వార్తల్లో కారణం ఒక్క ముక్కలో తేలిపోతుంది: నిర్లక్ష్యం.

నిర్లక్ష్యమని తేల్చేస్తే వార్త ముగుస్తుంది గానీ జరిగింది అర్థం కాదు. ఒక ఫీడర్ ఆపితే ఒక్క వీధికి కాదు, కొన్ని ఊళ్ళకు ఒకేసారి కరెంటు పోతుంది. పది నిమిషాల్లో అయిపోయే పనికి అన్ని ఊళ్ళను చీకట్లో పెట్టడం ఎందుకనిపిస్తుంది. సాయంత్రం వేళ అయితే ఫోన్లు ఆగవు. ఊరి పెద్దలు చేస్తారు, నాట్లకు నీళ్ళు పెట్టుకునే రైతులు చేస్తారు, సరఫరా ఎందుకు ఆగిందని పై అధికారి కూడా చేస్తారు. ఇద్దరు ఉండాల్సిన చోట ఒక్కరే ఉంటారు, లేదా శాఖతో సంబంధం లేని ప్రైవేటు కుర్రాడిని సాయానికి తెచ్చుకుంటారు. వీటన్నిటికీ మించి, ఆ పని నేర్పిన సీనియర్ ఏళ్ళ తరబడి లైను దగ్గరే సరఫరా ఆపే ఏబీ స్విచ్ ఒక్కటి దించి, ఎల్సీ జోలికి పోకుండా పని కానిచ్చుకుంటూ వచ్చినవాడై ఉంటాడు. కొత్తగా చేరినవాడు నిబంధనను శిక్షణలో విన్నాడు, పనిని మాత్రం ఆ సీనియర్ దగ్గర చూశాడు. ఆ రెండింటిలో దేన్ని అనుసరించాలో అతనికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఉద్యోగులు నిబంధనలను ఎందుకు పక్కన పెడతారని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. మనుషులు బద్ధకస్తులో స్వార్థపరులో అన్నది ఒకటి, పర్యవేక్షణ చాలదన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే నిజాయితీపరులు, పనిలో దిట్టలు, పదిమందీ గౌరవించేవారు కూడా రోజూ ఏదో ఒక నిబంధనను దాటుతూనే ఉంటారు. దాటుతూ కూడా తాము తప్పు చేస్తున్నామని అనుకోరు. ఈ సంగతి ఆ రెండు జవాబులకూ అందదు. అలా అనుకోనక్కర్లేకుండా చేసే మాటలు పనిచేసే చోట ముందే సిద్ధంగా ఉంటాయి. అసలు కిటుకు వాటిలోనే ఉంది.

దీన్ని మొదట గుర్తించింది కార్యాలయాల మీద పరిశోధన చేసినవారు కాదు. గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు 1957లో నేరాలకు పాల్పడే కుర్రవాళ్ళ గురించి రాశారు. అలాంటి కుర్రవాళ్ళకు లోకంతో పొత్తులేని వేరే నీతి ఏదో ఉంటుందన్న అభిప్రాయం అప్పట్లో బలంగా ఉండేది. వీరిద్దరూ అది కాదన్నారు. మంచిచెడ్డలు వాళ్ళకూ అందరిలాగే తెలుసు, కాకపోతే ఆ తెలివిడిని కాసేపు పక్కకు నెట్టే మాటలు నేర్చుకుంటారని చెప్పారు. ఆ మాటలను ఐదు రకాలుగా విడదీశారు. నా చేతిలో ఏమీ లేదనడం, ఎవరికీ నష్టం జరగలేదనడం, నష్టపోయినవాడికి అలా కావాల్సిందేననడం, వేలెత్తి చూపేవాళ్ళే అసలు దొంగలనడం, నావాళ్ళ కోసం చేశాననడం. సాకు అనేది పట్టుబడ్డాక వెతుక్కునేదని మనం అనుకుంటాం. వారు చెప్పింది దానికి తలకిందులు. సాకు ముందే వచ్చి మనసులోని అడ్డు తొలగిస్తుంది, తప్పు జరిగేది ఆ తర్వాతే.

ఆ ఐదు రకాలూ ఏ ఆఫీసులోనైనా వినిపించేవే. "పైనుంచి చెప్పారు, నేనేం చేయను?" "ఇంత పెద్ద కంపెనీకి ఇదొక లెక్కా?" "మా చేత చేయించుకునే చాకిరీకి ఇదెంత?" "పెద్ద సార్లు చేస్తే అడిగే దిక్కులేదు గానీ." "జనం పని ఆగకూడదనే చేశాను." ఈ మాటలను ఏ ఉద్యోగీ సొంతంగా కనిపెట్టడు. టీ తాగే చోట, షిఫ్టు మారే వేళ, పాతవాళ్ళ నోటి నుంచి కొత్తవాళ్ళకు చేరతాయి. అందుకే ఒకే కార్యాలయంలో పదిమందిని విడివిడిగా విచారించినా సంజాయిషీ ఇంచుమించు ఒకే మాటల్లో వస్తుంది.

అమెరికాలోని ఒక విమానాల కర్మాగారం గురించి జోసెఫ్ బెన్స్‌మన్, ఇజ్రాయెల్ గెర్వర్ 1963లో ప్రచురించిన పరిశోధన ఈ నేర్పడం ఎలా సాగుతుందో చాలా దగ్గర నుంచి చూపిస్తుంది. అదంతా ఒక చిన్న పనిముట్టు చుట్టూ తిరుగుతుంది. దాని పేరు ట్యాపు. మన దగ్గర ఫిట్టర్లందరికీ తెలిసిందే, నట్టు లోపల మరలు కోసే గట్టి ఉక్కు పనిముట్టు. విమానం రెక్కను బిగించేటప్పుడు బోల్టు లోపలి నట్టుకు సూటిగా రాకపోతే, ఆ భాగాన్ని విప్పి మళ్ళీ సరిగ్గా అమర్చాలన్నది నిబంధన. దానికి చాలా సమయం పడుతుంది. ట్యాపు పెట్టి తిప్పితే నట్టులో కొత్త మరలు పడి, బోల్టు కాస్త వంకరగానైనా దిగిపోతుంది. కానీ అలా దిగిన బోల్టుకు పట్టు తగ్గుతుంది. ఎగిరే విమానంలో దాని అర్థమేమిటో ఊహించుకోవచ్చు. అందుకే ట్యాపు వాడటం మాట అటుంచి, దగ్గర ఉంచుకోవడమే ఉద్యోగం పోయేంత నేరం. అయినా ఆ పని అవసరమయ్యే కార్మికుల్లో కనీసం సగం మంది దగ్గర సొంత ట్యాపు ఉండేది.

కొత్తగా చేరినవాడికి అది మొదటి రోజే చేతికి రాదు. బోల్టు దిగక తంటాలు పడుతుంటే పాతవాడో ఫోర్‌మనో వచ్చి పని చేసిపెడతారు. పోనుపోను ఎలా చేయాలో, ఎక్కడ చేయకూడదో, ఎవరి కంట పడకూడదో చెబుతారు. కర్మాగారం సొంత తనిఖీదారుకు ఈ సంగతి తెలుసు, తన కళ్ళ ముందు జరగకపోతే చాలనుకుంటాడు. వైమానిక దళం నుంచి వచ్చే తనిఖీదారు దగ్గర్లో ఉంటే మాత్రం అందరూ చేతులు కట్టుకుంటారు. ట్యాపు వాడకం శ్రుతి మించిందని ఫోర్‌మన్ అప్పుడప్పుడు అందరినీ నిలబెట్టి గట్టిగా మందలిస్తాడు. నేర్పినవాడూ అతనే, మందలించేవాడూ అతనే. అతను రెండు పనులూ మనస్ఫూర్తిగానే చేస్తాడు.

దొంగచాటుగా చేసే ఆ పనికి కూడా కట్టుబాట్లు ఉండటం ఇంకా గమనించదగ్గది. ప్రతి బోల్టుకూ ట్యాపు పట్టేవాడిని చేతకానివాడిగా చూసేవారు. తప్పనిసరైన చోట మాత్రమే, కొద్దిగా తిప్పి, నేర్పుగా ముగించేవాడు మంచి పనివాడు. అంటే నిబంధన పోయి అరాచకం రాలేదు. రాసిన నిబంధన ఉన్నచోటికి రాయని నిబంధన వచ్చింది. దాన్ని పాటించేవాడికి తాను క్రమశిక్షణ గలవాడినన్న తృప్తి నిండుగా దక్కుతుంది. ఎల్సీ లేకుండా పని చేసే సీనియర్ లైన్‌మన్ మనసులో ఉన్నది కూడా ఈ తృప్తే. తనకు పని తెలుసు, తెలియనివాడు చేస్తే ప్రమాదం గానీ తాను చేస్తే కాదు. అతన్ని బాధ్యత లేనివాడని తిట్టి లాభం లేకపోవడానికి కారణం ఇదే. తన దృష్టిలో అతను అందరికంటే ఎక్కువ బాధ్యత మోస్తున్నవాడు.

ఇంతకూ ట్యాపులను కర్మాగారం ఎందుకు ఏరివేయలేదు? ఏరివేస్తే అనుకున్న తేదీకి విమానాలు బయటికి రావు. పై అధికారికి నిబంధన కాగితం మీద ఉండాలి, ఉత్పత్తి లెక్కలో కనిపించాలి. రెండూ ఒకేసారి కుదరవని తెలిసినా ఎంపిక భారం తన మీద వేసుకోడు, కిందివాడి చేతిలో పెడతాడు. పని జరిగితే లక్ష్యం చేరినట్టు, బెడిసికొడితే నిబంధన ఉల్లంఘించినట్టు. సంస్థకు రెండు వైపులా రక్షణ ఉంది, ఉద్యోగికి ఏ వైపూ లేదు. కార్యాలయాల్లో నిబంధనల గురించి మాట్లాడేటప్పుడు అన్నిటికంటే తక్కువగా వినిపించే అన్యాయం ఇదే.

వెల్స్ ఫార్గో బ్యాంకు ఉదంతం ఇందుకు పెద్ద ఉదాహరణ. ఒక్కో ఖాతాదారుకు 8 రకాల సేవలు అమ్మాలన్న లక్ష్యం అమెరికాలోని ఆ బ్యాంకు శాఖల మీద ఏళ్ళ తరబడి ఉండేది. నైతిక నియమావళి లేకపోలేదు, శిక్షణ తరగతులూ ఉన్నాయి, ఖాతాదారు అనుమతి లేనిదే ఖాతా తెరవకూడదన్న ఆదేశమూ ఉంది. కానీ మేనేజర్ అడిగేది లక్ష్యం గురించి, నియమావళి గురించి కాదు. 2016లో గుట్టు బయటపడేసరికి అనుమతి లేకుండా తెరిచి ఉండవచ్చని లెక్కతేలిన ఖాతాలు దాదాపు 20 లక్షలు. మరుసటి ఏడాది ఆ లెక్క 35 లక్షలకు చేరింది. బ్యాంకు మీద 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే సుమారు 5,300 మంది ఉద్యోగులను తొలగించారు. అంతమంది మోసగాళ్ళు యాదృచ్ఛికంగా ఒకే బ్యాంకులో చేరారంటే నమ్మలేం. మన ఊళ్ళలోనూ అప్పు కోసం బ్యాంకుకు వెళ్ళినవారికి అడగని బీమా పాలసీ అంటగట్టడం తెలియని తంతు కాదు. ఆ పాలసీ కాగితాలు ముందుకు జరిపే గుమాస్తా కళ్ళలోకి చూస్తే, నెలాఖరు లక్ష్యం ఎంత దగ్గర పడిందో అర్థమవుతుంది.

సాకులన్నీ భయం నుంచే పుట్టవు, కొన్ని మనసు నొచ్చుకోవడం నుంచి పుడతాయి. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1990లో ప్రచురించిన అధ్యయనం దీన్ని స్పష్టంగా చూపింది. ఒకే సంస్థకు చెందిన మూడు కర్మాగారాల్లో రెండింట 10 వారాల పాటు జీతాలు 15 శాతం కోశారు. ఒకచోట కంపెనీ అధ్యక్షుడు వచ్చి, కాంట్రాక్టులు చేజారిన సంగతి లెక్కలతో సహా వివరించి, బాధ వెలిబుచ్చి, ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబిచ్చాడు. రెండోచోట విషయం ముక్తసరిగా చెప్పి పంపేశారు. జీతం ఎవరికీ కోయని మూడో కర్మాగారంతో పోలిస్తే కోతపడిన రెండు చోట్లా వస్తువుల దొంగతనం పెరిగింది. అయితే సరైన వివరణ అందని చోట అది చాలా ఎక్కువగా పెరిగింది. జీతాలు మళ్ళీ మామూలయ్యాక తగ్గింది. డబ్బు కోత రెండుచోట్లా ఒకటే, గౌరవంలోనే తేడా. తనకు రావలసింది తానే తీసుకుంటున్నానని ఒక్కసారి అనిపిస్తే, ఆ చెయ్యికి అది దొంగతనంలా తోచదు.

సొమ్ము వాడుకోవడంలో సాకు ఇంకో రూపంలో వస్తుంది. డొనాల్డ్ క్రెస్సీ 1950ల మొదట్లో, నమ్మి అప్పగించిన సొమ్ము కాజేసి జైలుకు వెళ్ళిన 133 మందిని కలిసి మాట్లాడాడు. కాజేద్దామని మొదలుపెట్టినవారు వారిలో అరుదు. ఎవరితోనూ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది వచ్చింది, చేతిలో సంస్థ సొమ్ము ఉంది, మళ్ళీ కట్టేద్దామనే తీసుకున్నారు. మన పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసుల్లో బయటపడే గోల్‌మాల్‌లలోనూ ఇదే వరస తరచూ కనిపిస్తుంది. పొదుపు సొమ్ము తీసుకుని పాసుపుస్తకంలో ముద్ర వేస్తారు, లెక్కల్లో మాత్రం చూపరు. కూతురి పెళ్ళో ఆసుపత్రి ఖర్చో గట్టెక్కాక సర్దేద్దామనుకుంటారు. ఆ "సర్దేద్దాం" ఉన్నన్నాళ్ళూ తాను దొంగనన్న ఊహే రాదు. ఆ పాసుపుస్తకం పట్టుకుని కౌంటరు ముందు నిలబడిన వృద్ధురాలికి మాత్రం అది ఎప్పటికీ సర్దుబాటు కాదు.

ఐటీ ఉద్యోగాలది మరో తీరు. తన దగ్గర ఉద్యోగంలో ఉంటూ చాటుగా పోటీ కంపెనీలకు పని చేసిన 300 మందిని తొలగించినట్టు 2022లో విప్రో ప్రకటించింది. కంపెనీ ఛైర్మన్ దాన్ని నిస్సంకోచంగా మోసమన్నారు. ఉద్యోగుల వాదన వేరు: పని గంటలు ముగిశాక ఆ సమయం నాది, ఒప్పుకున్న పనిలో లోటు చేయలేదు. అదే ఏడాది ఇన్ఫోసిస్, కంపెనీకి పోటీ కాని బయటి పనులు ముందస్తు అనుమతితో చేసుకోవచ్చని తన ఉద్యోగులకు చెప్పింది. బయటి పని ఒకచోట ఉద్యోగం తీసేసే నేరమైంది, మరోచోట హద్దుల్లో ఉంటే అనుమతి పత్రంతో సరిపోయే విషయమైంది. 2024లో వెల్స్ ఫార్గో, కీబోర్డు మీద పని జరుగుతున్నట్టు కనిపించేలా నటించారంటూ పన్నెండు మందికి పైగా ఉద్యోగులను తొలగించింది. ఇక్కడ ఇద్దరి తప్పూ చూడాలి. చేయని పనికి జీతం తీసుకోవడం తప్పే. కానీ పనిని కొలవడం మాని, వేళ్ళ కదలికను కొలిచే సంస్థకు చివరికి వేళ్ళ కదలికే దక్కుతుంది.

అన్ని ఉల్లంఘనలనూ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. కొన్ని నిబంధనలను దాటకపోతే మనుషుల పని జరగదు. వేలిముద్ర పడని వృద్ధురాలికి రేషన్ ఇవ్వడానికి దారి వెతికే డీలరు, ఒక కాగితం తగ్గినా పేదవాడి దరఖాస్తు తీసుకుని మిగతాది తర్వాత తెమ్మనే గుమాస్తా తమ లాభం కోసం చేయడం లేదు. ఇలాంటి మేలు కోరే ఉల్లంఘనల మీద ఎలిజబెత్ మారిసన్ 2006లో పరిశోధన చేశారు. సొంత నిర్ణయానికి చోటున్న ఉద్యోగంలో, తోటివారు కూడా అలా చేయడం చూసిన చోట ఇవి ఎక్కువని తేలింది. నిబంధనలన్నీ అక్షరాలా పాటిస్తే ఏమవుతుందో కార్మిక సంఘాలకు బాగా తెలుసు. అందుకే సమ్మెకు వెళ్ళకుండా యాజమాన్యాన్ని కదిలించాలనుకున్నప్పుడు "నిబంధనల ప్రకారం పని" అనే ఆందోళన చేపడతారు. రైల్వేలో ఆ పిలుపు వస్తే రైళ్ళు ఆలస్యమవుతాయి. నిబంధనలను పాటించడమే ఆందోళన కాగలిగిందంటే, మిగతా రోజుల్లో వ్యవస్థ దేని మీద నడుస్తున్నదో యాజమాన్యానికి తెలుసన్నమాట.

ఏ నిబంధన నిలుస్తుందో, ఏది గాలికి పోతుందో కొంతవరకు చెప్పవచ్చు. ఆల్విన్ గౌల్డ్‌నర్ 1950లలో అమెరికాలోని ఒక జిప్సం గని, కర్మాగారం గురించి రాసిన సంగతి దీనికి పనికొస్తుంది. అక్కడ పొగతాగరాదన్న నిబంధనను బీమా కంపెనీ పెట్టింది. దాన్ని కార్మికులూ పాటించలేదు, అధికారులూ పట్టించుకోలేదు. బీమా తనిఖీదారు వచ్చిన రోజు మాత్రం అందరూ పాటించేవారు. అదే కర్మాగారంలో ప్రమాదాల నివారణకు పెట్టిన నిబంధనలను ఇరువర్గాలూ తమవిగా భావించి పాటించాయి, ఎందుకంటే వాటిని తయారుచేయడంలోనూ అమలు చేయడంలోనూ కార్మికులకు చోటుంది. పనిచేసే చేతులను అడగకుండా పైనుంచి దిగిన నిబంధనకు తనిఖీ రోజున తప్ప విలువ దక్కదు.

సాకులన్నిటిలో అతి ప్రమాదకరమైనది ఎవరినీ నిందించదు, దేనికీ బాధపడదు. "ఇన్నాళ్ళూ ఇలాగే చేశాం, ఏమీ కాలేదు" అంటుంది, అంతే. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక కూలి ఏడుగురు చనిపోయిన ఘటనను ఏళ్ళ తరబడి పరిశోధించిన డయాన్ వాన్ దీనికే పెద్దపీట వేశారు. రాకెట్ అతుకుల దగ్గర రబ్బరు వలయాలు దెబ్బతినడం అంతకుముందు ప్రయాణాల్లోనే కనిపించింది. నౌక క్షేమంగా తిరిగివచ్చిన ప్రతిసారీ, ఆ మేరకు దెబ్బ పరవాలేదని హద్దు కాస్త జరిగింది. చివరికి అసాధారణమైనది మామూలైపోయింది.

2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లోని రంగాపాని దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో ఈ "ఏమీ కాలేదు" ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. ఆ ఉదయం ఆటోమేటిక్ సిగ్నళ్ళు పనిచేయలేదు. ఎర్ర సిగ్నళ్ళు దాటి వెళ్ళవచ్చని రైళ్ళకు కాగితం మీద అనుమతి ఇచ్చారు. ఆగి ఉన్న కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనుక నుంచి గూడ్సు రైలు ఢీకొని పదిమంది చనిపోయారు, వారిలో గూడ్సు రైలు లోకో పైలట్ కూడా ఉన్నారు. ప్రమాదం జరిగిన కొద్ది గంటలకే తప్పంతా ఆయనదేనన్నట్టు అధికారుల ప్రకటన వచ్చింది. రైల్వే భద్రతా కమిషనర్ విచారణ మాత్రం వేరే ప్రశ్న అడిగింది: ఆ ఉదయం ఆ మార్గంలో వెళ్ళిన మిగతా రైళ్ళు ఎలా వెళ్ళాయి? ఇచ్చిన అనుమతి పత్రమే సరైనది కాదని, ఏ వేగంతో వెళ్ళాలో అందులో లేదని, దాన్ని ఒక్కో లోకో పైలట్ ఒక్కో రకంగా అర్థం చేసుకున్నారని, సిబ్బందికి తగిన శిక్షణ లేదని తేలింది. ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక నిమిషం ఆగుతూ, నెమ్మదిగా వెళ్ళాలన్న నిబంధనను పాటించింది ఒక్క కాంచన్‌జంగా మాత్రమే. తక్కిన ఆరు రైళ్ళూ పాటించలేదు. వాటిలో ఐదు క్షేమంగా దాటిపోయాయి, అందుకే ప్రమాదం జరగకపోతే వాటి గురించి ఎవరూ అడిగి ఉండేవారు కాదు.